గుట్టను వదిలేయండి, చెరువును వదలొద్దు

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. ఊరి చెరువు కాగితాల్లో 14 ఎకరాలు, కింద 40 ఎకరాల ఆయకట్టు. ఇప్పుడు ఆయకట్టులో సగానికి పైగా మామిడి తోటలే, వాటికి బోర్లే దిక్కు. చెరువుకు నీళ్లు వచ్చేది ఊరి వెనక గుట్ట నుంచి దిగే వంకలో. మరవ (అలుగు, నిండిన చెరువు పొర్లే చోటు) పారితే ఆ నీళ్లు స్వర్ణముఖిలోకి పోతాయి. పోయిన రెండేళ్లు వానలు బాగానే పడినా చెరువు సగం కూడా నిండలేదు. గర్భమంతా సర్కారు తుమ్మ. బెంగళూరులో, తిరుపతిలో ఉద్యోగాలు చేసే మా ఊరి పిల్లలు మూడు లక్షలు పోగుచేసినారు. జేసీబీ పెట్టి పూడిక తీసి, కట్ట మీద చెట్లు నాటి, నడిచే బాట వేసి లైట్లు పెడదామంటారు. చెరువు పనైపోయింది, ఇంటి స్థలాలకు ఇస్తే నలుగురికైనా పనికొస్తుంది అని మా పెదనాయన. పదో తరగతి చదివే మా పాపది ఇంకో మాట: మనిషి చెయ్యి పడిన ప్రతిదీ పాడైంది, ముట్టుకోకుండా వదిలేస్తే ప్రకృతే బాగుచేసుకుంటుంది అంటుంది. ఎవరి మాట వినాలి? మూడు లక్షలతో ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక మామిడి రైతు

జవాబు: మీ పాప మాటతో మొదలుపెడదాం. ఆమె చెప్పింది మీ ఊరి వెనక గుట్టకు అక్షరాలా చెల్లుతుంది. చెరువుకు చెల్లదు.

గుట్ట మనం చేసింది కాదు. ఎండాకాలం మొదట్లో బోదగడ్డికి నిప్పు పెట్టకుండా, రెండు మూడేళ్లు మేకల్ని పైకి తోలకుండా ఉంటే చాలు, తంగేడు, బలుసు, రేగు, గడ్డి వాటంతటవే లేస్తాయి. అక్కడ గుంతలు తీసి మొక్కలు నాటే ఉత్సాహం కూడా అక్కర్లేదు. గుట్ట కాలితే మొదటి వానకే బూడిదతో పాటు పైమట్టి దిగి మీ చెరువులోనే కూర్చుంటుంది. కింద జేసీబీతో తీసేది ఆ మట్టినే.

చెరువు సంగతి వేరు. అది మనిషి కట్టిన వస్తువు. వంకకు అడ్డంగా మట్టి పోసి, తూము పెట్టి, మరవ కట్టి, ఏటా దాని వెనక నిలబడి కాపాడితేనే అది చెరువు. కొంగలు, నత్తలు, కప్పలు, నీటిపాములు అక్కడ తరతరాలుగా బతికాయంటే ఎవరో ఒకరు కట్టలో బొరియలు పూడ్చారు, వంకలో కంప కొట్టారు, తూము తీసి మూశారు. ఆ చెయ్యి ఆగితే అది అడవిగా మారదు. ముందు కంపచెట్ల గుబురు అవుతుంది, తర్వాత లేఔట్ అవుతుంది. నమ్మకం కలగకపోతే పాపను ఒకసారి నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రానికి తీసుకెళ్లండి. ఇప్పుడు అదీ తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడ గూడబాతులు గూళ్లు పెట్టేది చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద. పక్షులు వాటంతటవే వచ్చాయి, నిజమే. చెట్ల మొదట్లో నీళ్లు నిలబెట్టింది మాత్రం మనుషులు పోసిన కట్ట. మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో 51ఎ(జి) కూడా అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడమని చెప్పి ఊరుకోలేదు, మెరుగుపరచమని కూడా అంది.

మీ పెదనాయన మాటకు జవాబు చిన్నది. చెరువు గర్భం ఊళ్లో అన్నిటికన్నా పల్లం, అక్కడ ఇల్లు కడితే వాన పడిన రోజున నీళ్లు పాత చోటు వెతుక్కుంటూ వస్తాయి. 2021 నవంబరులో తిరుపతిలో మునిగిన కాలనీలను చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. చట్టం కూడా ఒప్పదు: ఒక ఊరి కుంట స్థలాన్ని ఇళ్ల స్థలాలకు ఇచ్చిన కేటాయింపును సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెల్లదంది.

ఇక పిల్లల డబ్బు. జేసీబీ మొదట కాదు, చివర రావాలి. వానలు పడినా చెరువు సగం నిండలేదని మీరే రాశారు. పూడిక చేరిన చెరువు త్వరగా నిండి మరవ పారుతుంది. మీది నిండడమే లేదు. అంటే జబ్బు గర్భంలో లేదు, నీళ్లు వచ్చే దారిలో ఉంది. ఈ తేడా చూడకుండా పూడిక తీసిన చెరువులు చాలా ఉన్నాయి. గుంత లోతవుతుంది, నీళ్లు మాత్రం రావు.

లెక్క చూడండి. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. మీ వంకకు నీళ్లిచ్చే నేల 100 ఎకరాలనుకుందాం. ఒక గట్టివాన 50 మిల్లీమీటర్లు పడి అందులో ఐదో వంతు పారినా 40 లక్షల లీటర్లు వంకలోకి రావాలి. చిత్తూరు సీమకు నైరుతి, ఈశాన్యం రెండూ వానలిస్తాయి, ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. వాయుగుండం పట్టిన వారంలో అలాంటి వానలు రెండు మూడు పడతాయి. అవి ఎక్కడికి పోతున్నాయో చూడాలి.

చూడడానికి ఒకటే పద్ధతి. గట్టివాన కురుస్తుండగానే ఇద్దరు ముగ్గురు గొడుగులు వేసుకుని చెరువు నుంచి గుట్ట దాకా వంక వెంట నడవండి. వాన వెలిశాక పోతే ఏమీ కనిపించదు. నీళ్లు ఎక్కడ పక్కకు మళ్లుతున్నాయి, ఎక్కడ మడుగు కడుతున్నాయి, ఏ చేనులో ఆగిపోతున్నాయి అన్నది సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి, ఆ చోటికి గుర్తు పెట్టండి. సాధారణంగా దొరికేవి ఇవి: రోడ్డు వెడల్పు చేసినప్పుడు వేసిన సన్నటి తూము గొట్టాలు, వాటి నోట్లో అడ్డం పడిన ప్లాస్టిక్, టెంకాయ మట్టలు, వంకను దున్ని చేనులో కలుపుకున్న చోటు, తోట చదును చేస్తూ వంకలోకి తోసిన మట్టి, ఇటుకల బట్టీల కోసం తవ్విన గుంతలు. మామిడి తోటల్లో చెట్ల చుట్టూ తీసిన పాదులు, గట్ల పక్క కందకాలు కూడా కొంత నీళ్లు పట్టేస్తాయి. దాని మీద పంచాయితీ పెట్టుకోవద్దు. ఆ నీళ్లు ఆ నేలలోకే ఇంకుతాయి, ఎవరి బావికో ఊటగా చేరతాయి.

ఆక్రమణ ఉన్నచోట గొడవకు దిగే ముందు కాగితం చేతిలో పెట్టుకోండి. గ్రామ నక్షా, ఆ సర్వే నంబర్ల కొలతల పటమైన ఎఫ్‌ఎంబీ, సాగు వివరాలుండే అడంగల్ తీసుకుంటే వంక పోరంబోకు ఎంత వెడల్పో తేలిపోతుంది. మండల సర్వేయర్‌తో కొలిపించి రాళ్లు పాతించండి. చెరువుకు కూడా పూర్తి నీటిమట్టం గీత వెంట రాళ్లు వేయించాలి, లేకపోతే ఎండిన ప్రతి ఏడూ ఒక సాలు లోపలికి జరుగుతుంది. ఇక మనుషుల సంగతి: వంక కలుపుకున్న రైతు చాలాసార్లు చెరువు కింద ఆయకట్టు లేనివాడే అయివుంటాడు. చెరువు నిండితే అతనికి ఒరిగేదేమీ లేదు. అతని చేను దాటడానికి రెండు సిమెంటు గొట్టాల దాటు కట్టి ఇవ్వడమో, పూడిక మట్టి ముందు అతనికే తోలడమో చేస్తే చాలా వరకు మాట కుదురుతుంది. కేసు వేస్తే మీ పాప డిగ్రీ పూర్తయ్యేనాటికి తీర్పు వస్తుంది.

వంకను ఎంత తవ్వాలి అన్నదాంట్లో తప్పులు జరుగుతాయి. వెయ్యి అడుగుల పొడవుకు ఒకటి రెండు అడుగుల వాలు చాలు. వాలు ఎక్కువైతే మన ఎర్రనేల కోసుకుపోయి వంకే ఒక చిన్న లోయ అవుతుంది, ఆ మట్టంతా చెరువుకు చేరుతుంది. వాలు చూడడానికి ఇంజనీరు రానక్కర్లేదు. మేస్త్రీలు వాడే పారదర్శకమైన సన్న గొట్టం ముప్పై అడుగులది తీసుకుని, బుడగ లేకుండా నీళ్లు నింపి, రెండు కొసలనూ గుర్తులు గీసిన రెండు కర్రలకు పట్టించండి. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. కర్రల మీద ఆ మట్టం ఎంత ఎత్తులో ఉందో చూస్తే నేల తేడా తెలిసిపోతుంది. ముప్పై అడుగులకు అర అంగుళం దిగుతుంటే సరిపోతుంది.

గుట్ట మొదట్లో, వంక ఇంకా సన్నగా కోసుకుంటూ దిగేచోట, రాళ్లతో అడ్డకట్టలు పేర్చండి. ఎత్తు మూడడుగులు మించకూడదు. నడిమి భాగం చివరల కన్నా ఒక అడుగు తగ్గించాలి, నీళ్లు మధ్యలోంచి దూకడానికి. రెండు కొసలూ ఒడ్డులోకి రెండడుగులు దింపాలి. ఈ పని మరిచిపోతే మొదటి వానకే నీళ్లు రాళ్లను వదిలి పక్కనుంచి ఒడ్డును కోసుకుని పోతాయి. పైకట్ట పాదం, దాని కింది కట్ట తల ఒకే మట్టంలో ఉండేలా దూరం పెట్టుకోండి. పెద్దరాళ్లు కింద, చిన్నవి వెనకవైపు. సిమెంటు అక్కర్లేదు. గుట్ట రిజర్వు అడవి కిందికి వస్తే ఒక రాయి కదపాలన్నా అటవీశాఖ వాళ్లను అడగాల్సిందే. వంక చెరువులో కలిసేచోటికి కాస్త ముందు పది అడుగుల పొడవు, ఆరు వెడల్పు, నాలుగు లోతున మట్టి గుంత ఒకటి తీస్తే ఇసుకా గరుసూ అక్కడే ఆగుతాయి. ఏటా ఒక రోజు పనితో దాన్ని ఖాళీ చేసుకోవచ్చు. వంక బాగు, అడ్డకట్టలు, పూడిక లాంటి పనులు ఉపాధి పనుల జాబితాలోనూ పెట్టించవచ్చు, గ్రామసభలో తీర్మానం చేయించి ఎంపీడీఓ కార్యాలయంలో అడగండి. పిల్లల డబ్బులో దాదాపు సగం ఈ వంక మీదే పోవాలి. ఫోటోలకు బాగుండదు కాబట్టి వాళ్లకు నచ్చకపోవచ్చు.

సర్కారు తుమ్మ పీకడం రెండో పని. ఈ చెట్టును 1870ల్లో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం నాటినప్పటి నుంచి మన సీమను వదలలేదు. గొడ్డలితో మొదట్లో కొడితే ఒక్క కొమ్మకు పది కొమ్మలు వేస్తుంది, ఎందుకంటే చిగుళ్లు నేల కింద జానెడు లోతులో ఉండే కాండం మెడ మీద ఉంటాయి. కాబట్టి అడుగు లోతు దాకా తవ్వి వేరుతో సహా లేపాలి. జేసీబీ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. తీసిన ఏడాది నుంచి మూడు నాలుగేళ్లు ప్రతి వానాకాలం తర్వాత మొలకలు పీకించాలి. కాయలు తిన్న మేకలు, ఆవులు పేడలో గింజలు వదులుతాయి, అవి ఏళ్ల తరబడి మట్టిలో బతికే ఉంటాయి. ఒక్కసారి పీకి పండగ చేసుకుంటే మూడో ఏటికి మళ్లీ అడవే.

మూడు జాగ్రత్తలు. పోరంబోకులో చెట్లు ప్రభుత్వానివి, పంచాయతీ తీర్మానం, అనుమతి లేకుండా నరికితే కేసవుతుంది. అనుమతితో వేలం వేస్తే బొగ్గులు కాల్చేవాళ్లు కొంటారు, కొంత డబ్బు తిరిగి వస్తుంది. రెండోది, కొంగలు గూళ్లు పెట్టిన చెట్లుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాలి, ఆ గుంపును ఆఖరున తీయాలి, ఆలోపు పక్కనే వేరే చెట్లు పెరగనివ్వాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కట్ట మీద పెద్ద మొద్దును నరికి వేళ్లు లోపలే వదిలేయకండి. వేరు కుళ్లితే కట్టలో గొట్టం మిగులుతుంది, నీళ్లు ఆ గొట్టాన్ని వెతుక్కుంటాయి. వేరు తవ్వి తీసి, ఆ గుంతను కట్ట మట్టి లాంటి మట్టితోనే ఆరంగుళాల పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టి పూడ్చాలి.

ఇప్పుడు పూడిక. మీ 14 ఎకరాల్లో ఒక్క అడుగు తీయాలంటే దాదాపు 17,000 ఘనమీటర్ల మట్టి, అంటే ట్రాక్టరుకు మూడు ఘనమీటర్ల లెక్కన 5,700 ట్రాక్టర్లకు పైనే. మూడు లక్షలతో అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. తూముకు ఎదురుగా, కట్ట పాదానికి 50 అడుగులు దాటాక ఒక ఎకరం ఎంచుకుని మూడడుగులు దింపండి. అది 1,200 ట్రాక్టర్ల మట్టి. ఎకరా చేనుకు 30 నుంచి 40 ట్రాక్టర్లు తోలితే రెండు మూడు సెంటీమీటర్ల పొర పరుచుకుంటుంది, తేలిక ఎర్రనేలకు అది తడి పట్టే గుణమిస్తుంది. అంటే మీ తవ్వకం మట్టి మీ ఆయకట్టు చేన్లకే సరిపోతుంది, రవాణా రైతు భరిస్తాడు, మీరు తవ్వకం ఖర్చు పెట్టుకుంటే చాలు. ముందు ఆ మట్టిని పరీక్ష చేయించండి. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటినా, ఉప్పు ఎక్కువున్నా చేనుకు తోలొద్దు. ఊరి మురుగు కలిసే చెరువైతే ఇది మరీ అవసరం.

ఒక్కచోటే లోతు ఎందుకంటే, ఎండాకాలంలో రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. 14 ఎకరాల్లో పలచగా పరుచుకున్న నీరు రోజుకు 2.8 లక్షల లీటర్లు గాలికి పోతుంది. ఎకరం మడుగులో పోయేది 20,000 లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో గొడ్లకూ, పక్షులకూ, గుట్ట దిగి వచ్చే కుందేలుకూ నక్కకూ అదే మిగులుతుంది. ఆ మడుగు ఒడ్డు నిలువుగా కోయించకండి, జేసీబీ డ్రైవరు అలాగే కోస్తాడు. ఏటా సెలవుల్లో పిల్లలు మునిగిపోయేది అలాంటి గుంతల్లోనే. కనీసం ఒక వైపు ఐదడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా దిగాలి. చెరువు వెనక అంచున మోకాలి లోతు నీళ్లు నిలిచే చోటును అసలు ముట్టుకోవద్దు, కొంగలకు, ఉల్లంకి పిట్టలకు మేత దొరికేది అక్కడే, లోతు నీళ్లలో కాదు.

తవ్వే ముందు ఐదారు చోట్ల మనిషి లోతు గుంతలు తీసి పొరలు చూడండి. పైన నల్లటి మెత్తటి ఒండ్రు, కింద గట్టి జిగట, దాని కింద మొరమో ఇసుకో కనిపిస్తుంది. జిగట పొర ఒక అడుగైనా మిగిలేలా ఆపాలి. అది కోసుకుపోతే చెరువులో నీళ్లు నిలవవు. కట్ట పాదానికి 50 అడుగుల లోపల గుంత పెట్టకండి, ఊట దారి దగ్గరై కట్ట కిందనుంచి నీళ్లు వస్తాయి. ఒండ్రును కట్ట మీద పోయడం కూడా పొరపాటే, ఎండితే బీటలు వారి, వానకు జారుతుంది. పక్షుల కోసం చెరువు మధ్య దిబ్బ కట్టడం ఈమధ్య ఫ్యాషనైంది. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పింది. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, గర్భం నడుమ మిట్ట ఉండడం ఆ ఆరింటిలోనివే. 14 ఎకరాల చెరువుకు దిబ్బ దండగ.

కట్ట విషయం ఎంత చెప్పినా తక్కువే. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు మీకు దగ్గరి జ్ఞాపకమే. చెరువు చిన్నదైనా సూత్రం అదే. వానాకాలం ముందు ఒకసారి, నిండిన తర్వాత రోజూ ఒకసారి కట్ట కింది వైపు నడవాలి. పీతల బొరియలు, పందికొక్కు కన్నాలు, చెదపుట్టలు కనిపిస్తే తవ్వి పూడ్చాలి. పాదం దగ్గర ఊట తేటగా వస్తే గాబరా పడనక్కర్లేదు, ఎంత వస్తోందో గుర్తు పెట్టుకుంటే చాలు. ఊట మడ్డిగా వస్తే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నదని అర్థం. అప్పుడు అందరూ చేసే తప్పు, ఊట నోట్లో బంకమట్టి కుక్కడం. నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి, కట్ట బరువెక్కి జారుతుంది. చేయాల్సింది ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు పరవడం. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, తూము ఎత్తి మట్టం దింపాలి, ఆలోగా తహసీల్దారుకు ఫోన్ పోవాలి. కట్టను ఎక్కడా కోయకూడదు.

మరవ మట్టం మీద చెయ్యి వేయనివ్వకండి. ఒకరు ఇంకో అడుగు నీళ్ల కోసం మరవ మీద బస్తాలు పేరుస్తారు, ఇంకొకరు గర్భంలో పెట్టుకున్న పైరు మునగకుండా మరవను రాత్రిపూట పగలగొడతారు. మొదటిది కట్ట మీదుగా నీళ్లు దొర్లే ప్రమాదం, రెండోది చెరువునే తగ్గించడం. పైగా మీది గొలుసులో ఒక చెరువు కావచ్చు. మీ మరవ నీళ్లు కింది ఊరికి చెరువు, ఆ తర్వాత స్వర్ణముఖి. వాళ్లకు చేరాల్సింది మీరు ఆపుకుంటే మీ గుట్ట కింద వంక కలుపుకున్న రైతుకూ మీకూ తేడా లేదు.

చెట్లు కట్ట మీద వద్దని ఇప్పటికే అర్థమై ఉంటుంది. కట్టకు గరిక, వట్టివేరు చాలు. మొక్కలు వంక ఒడ్డున, చెరువు వెనక అంచున నాటండి: నీళ్లు తాకేచోట ఏరుమద్ది, నేరేడు, నల్లతుమ్మ, కాస్త ఎగువన కానుగ, వేప, చింత, గట్ల వెంట తాటి, ఈత. ఈ చోట్ల ఎర్రచందనం నాటాలని ఎవరన్నా పట్టుబడితే వద్దనండి. శేషాచలం దానికి సొంత ఇల్లు, రాళ్ల గుట్టల్లో బాగా పెరుగుతుంది, నీళ్లు నిలిచేచోట కుళ్లుతుంది. నడిచే బాట కావాలంటే ఉన్న కట్ట మీద మట్టిబాటే బాట. లైట్లు వద్దు. రాత్రి వెలుతురుకు పురుగులు చుట్టుకుని చస్తాయి, గూట్లో పక్షులు కుదురుగా ఉండవు. చేపలు వదలాలంటే కట్ల, శీలావతి, ఎర్రమోసు చాలు. తిలాపియా గానీ ఆఫ్రికా క్యాట్‌ఫిష్ గానీ పడితే ఇక తీయలేరు, రెండోది నిషేధం కూడా. గుర్రపుడెక్క కనిపించిందంటే మురుగు చేరుతోందని చెరువే చెబుతున్నట్టు, ఆకు పీకి లాభం లేదు, కాలువ నోరు మళ్లించాలి.

మిగిలింది మీరు అడగని ప్రశ్న. ఆయకట్టులో సగం బోర్ల మీద బతుకుతున్నప్పుడు చెరువు నీళ్లు ఎవరివి? మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు దాచుకునేది పైన వంద అడుగుల లోపు ఉండే కుళ్లురాతి పొర, దాని కింద అక్కడక్కడా చీలికలు. 800, 1,000 అడుగులు వేసినా చీలిక తగిలితేనే నీళ్లు, తగిలిన చీలికకు కూడా పైపొర నుంచే నీళ్లు దిగాలి. అందుకే మీ ఊళ్లో కొందరు తూము మూసేసి చెరువును ఇంకుడు చెరువుగా ఉంచుదామని అడగవచ్చు. రాయలసీమలో కొన్ని ఊళ్లు అలా చేశాయి, బోర్లు కొంత నిలదొక్కుకుంటాయి. కానీ ఒకటి గమనించండి: తూము మూస్తే నష్టపోయేది బోరు లేని చిన్న రైతు, లాభపడేది లోతు బోరున్నవాడు. ఇది ఇంజనీరింగ్ నిర్ణయం కాదు, ఊరి నిర్ణయం. సభలో బోరు లేనివాళ్లు ముందు మాట్లాడాలి. మూయాలనుకుంటే వాళ్ల చేన్లకు ఒక పంటకైనా ఉమ్మడి బోరు నీళ్లు ఇచ్చే ఒప్పందం రాసుకుని మూయండి. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం అనుమతి ఉండాలి, దాన్ని ఊరే పట్టించుకోవాలి. ఎండిన బోరు దగ్గర ఇంకుడు గుంత తీసేవాళ్లు చేనులో మందు కలిసిన నీళ్లను అందులోకి వదలకూడదు. అది వడపోత లేకుండా నేరుగా తాగునీళ్లలో కలుస్తుంది.

డబ్బు ఇలా పంచుకోండి: సగం వంకకు, అడ్డకట్టలకు, పావు కంప పీకడానికీ ఆ ఎకరం మడుగుకూ కలిపి, మిగతా 75,000 ముట్టుకోకుండా బ్యాంకులో. అది నీరుగంటికి, అంటే తూము తీసి మూస్తూ చెరువును కాపలా కాసే మనిషికి. పాత రోజుల్లో చెరువు కట్టి, బాగుచేసి చూసుకునేవాళ్లకు దశబంధం ఇనాములు (మాన్యం భూములు) ఉండేవి, నీరుగంటికి పంటలో మేర (వాటా) ఉండేది. అవి పోయాక చెరువు ఎవరిదీ కాకుండా పోయింది. ఏడాదికి 25,000 చొప్పున మూడేళ్లు ఊళ్లోనే ఒక మనిషికి ఇచ్చి పనులు రాసివ్వండి: జూన్‌లో వంక, మట్టి గుంత శుభ్రం, వాన రోజుల్లో కట్ట చుట్టూ నడక, తూము తాళం, జనవరిలో తుమ్మ మొలకలు పీకడం. మూడేళ్లలో ఆయకట్టు రైతులు, బోర్లవాళ్లు ఎకరాకు ఇంతని వేసుకునే అలవాటు చేయండి. బోర్లవాళ్లు కూడా అని గట్టిగా చెబుతున్నాం, చెరువు వల్ల వాళ్లకే ఎక్కువ లాభం.

తూము పక్కన రాతి స్తంభానికి అడుగులు, అంగుళాలు రంగుతో గీయించండి. మట్టం రాసే పుస్తకం మీ పాప దగ్గర ఉంచండి. వారానికి ఒకసారి నీటిమట్టం, వాన పడిన రోజున ఎంత పడిందో, ఎన్ని గంటలకు వంక పారిందో రాయాలి. నేరుగా గోడలున్న ఏ డబ్బా అయినా ఆరుబయట పెట్టి స్కేలుతో కొలిస్తే వాన మిల్లీమీటర్లు తెలుస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారం ఉదయం అరగంట పక్షుల లెక్క కూడా. మొదటి ఏడాది వాన లెక్కకూ నీటిమట్టానికీ పొంతన కుదరకపోతే వంకలో ఇంకా ఎక్కడో కన్నం ఉన్నట్టే, ఆ వాన తేదీ చూసుకుని మళ్లీ గొడుగు తీసుకుని బయల్దేరండి.